లంబరేఖ సమీకరణం ఎలా కనుక్కోవాలి: వాలు పాత గీత నుంచి, చోటు చుక్క నుంచి

కాగితం మీద ఏటవాలుగా ఒక గీత గీసి, "దీనికి లంబంగా ఇంకో గీత గియ్యి" అని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. చాలామంది పెన్సిల్‌ని పైనుంచి కిందకి నిటారుగా లాగేస్తారు. ఇచ్చిన గీత ఎంత వాలుగా ఉన్నా సరే, వాళ్లు గీసేది మాత్రం జెండా కర్రలా నిలబడి ఉంటుంది. సాయంత్రాలు ఇంటి దగ్గర నలుగురైదుగురికి లెక్కలు చెప్తుంటాను, ఏటా ఇదే తంతు.

తప్పంతా పిల్లలది కాదు. లంబం అంటే సంస్కృతంలో వేలాడేది అని అర్థం. వేలాడేది నిలువుగానే ఉంటుంది కదా! మాటలో ఉన్న ఆ బొమ్మే మనసులో పడిపోతుంది. లెక్కల్లో మాత్రం నేలతో పనిలేదు. రెండు గీతలు కలిసేచోట 90 డిగ్రీల మూల వస్తే అవి ఒకదానికొకటి లంబం, అంతే. మొదటిది ఏటవాలుగా ఉంటే రెండోదీ ఏటవాలుగానే ఉంటుంది. జామెట్రీ బాక్సులో మూలమట్టం తీసి టేబుల్ మీద ఎటు తిప్పి పడేసినా దాని మూల 90గానే ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇదంతా తెలుగు కీబోర్డు మీదే కొట్టాను కాబట్టి సమీకరణాల్లో అక్షరాలు ఎక్స్, వై అని పలికినట్టే కనిపిస్తాయి. నోట్‌బుక్‌లో మీరు మామూలుగా రాసుకునేట్టే రాసుకోండి.

లెక్కలో ఇచ్చేవి రెండే

లంబరేఖ సమీకరణం లెక్కని ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా, చివరికి చేతికి వచ్చేవి ఒక రేఖ, ఒక బిందువు. ఉదాహరణకి: వై = 2ఎక్స్ + 3 రేఖకి లంబంగా, (4, 1) బిందువు గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోండి.

ఒక గీత గురించి పూర్తిగా చెప్పాలంటే కూడా రెండు సంగతులు తెలిస్తే చాలు. అది ఎంత వాలుగా ఉంది, ఎక్కడి గుండా పోతోంది. వాలు సంగతి పాత రేఖ చెప్తుంది. చోటు సంగతి బిందువు చెప్తుంది. పాత రేఖ దగ్గర వాలు తప్ప ఇంకేమీ తీసుకోవద్దు. పైన ఇచ్చిన సమీకరణంలో చివర ఉన్న 3తో మనకి పనే లేదు. ఇప్పుడు ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఎలా పోతాయో కాసేపట్లో చూపిస్తాను.

వాలు అంటే కుడివైపుకి నడుస్తూ పోతే ఎంత ఎక్కుతాం, లేదా ఎంత దిగుతాం అన్న లెక్క. పెంకుటింటి కప్పు వాలు ఎక్కువ. డాబా మీద వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ పెట్టే వాటం చాలా తక్కువ. గ్రాఫ్ కాగితం మీద వాలు 2/3 అంటే కుడికి 3 గళ్లు జరిగితే పైకి 2 గళ్లు. వాలు −2 అంటే కుడికి 1 గడి జరిగితే కిందకి 2 గళ్లు. లవం పైకీ కిందకీ జరిగేది, హారం పక్కకి జరిగేది. ఇది బాగా పట్టుకోండి, వచ్చే భాగమంతా దీనిమీదే నడుస్తుంది.

శుభలేఖ ముక్కతో పావు చుట్టు

పుస్తకంలో నియమం ఒక్క వాక్యంలో ఉంటుంది: రెండు రేఖలు లంబంగా ఉంటే వాటి వాలుల లబ్ధం −1. కాబట్టి లంబరేఖ వాలు కావాలంటే పాత వాలుని తలకిందులు చేసి గుర్తు మార్చాలి. బట్టీ పట్టినా వచ్చేస్తుంది. కానీ పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఉన్నప్పుడు తలకిందులు చెయ్యాలా, గుర్తు మార్చాలా, రెండూ చెయ్యాలా అన్న అనుమానం పుడుతుంది. ఒక్కసారి చేత్తో తిప్పి చూసినవాళ్లకి ఆ అనుమానం రాదు. పది నిమిషాల పని, చేసేయండి.

ఇంట్లో పాత పెళ్లి శుభలేఖ ఏదో ఒకటి ఉంటుంది. దాని మూల ఎలాగూ 90 డిగ్రీలే. ఆ మూల నుంచి ఒక అంచు మీద 3 సెంటీమీటర్లు, రెండో అంచు మీద 2 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల్నీ కలుపుతూ కత్తిరించండి. చిన్న త్రిభుజం చేతికి వస్తుంది. గ్రాఫ్ కాగితం మీద అక్షాలు గీసి, రెండు అక్షాల మీదా సెంటీమీటరుకి ఒక యూనిట్ చొప్పున అంకెలు వేయండి.

త్రిభుజంలో 3 సెంటీమీటర్ల భుజం ఎక్స్ అక్షం మీద పడుకోవాలి. దాని సన్నటి కొస మూలబిందువు మీద ఉండాలి. అప్పుడు 90 డిగ్రీల మూల (3, 0) దగ్గరా, పై కొస (3, 2) దగ్గరా ఉంటాయి. ఏటవాలు అంచు వెంబడి గీత గీయండి. కుడికి 3, పైకి 2. దీని వాలు 2/3.

ఇప్పుడు మూలబిందువు దగ్గరున్న కొసని పెన్సిల్ మొనతో నొక్కి పట్టుకుని, అట్టముక్కని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పండి. పడుకుని ఉన్న 3 సెంటీమీటర్ల భుజం లేచి వై అక్షం మీద నిలబడుతుంది. నిలబడి ఉన్న 2 సెంటీమీటర్ల భుజం పడుకుంటుంది, అదీ ఎడమవైపుకి. (3, 2) దగ్గరున్న కొస వెళ్లి (−2, 3) దగ్గర ఆగుతుంది. మళ్లీ ఏటవాలు అంచు వెంబడి గీత గీయండి. రెండు గీతల మధ్య మూలమట్టం పెడితే అతికినట్టు కూర్చుంటుంది.

పక్కకి ఉన్న 3 పైకి 3 అయింది. పైకి ఉన్న 2 పక్కకి 2 అయింది. అంటే లవం, హారం చోట్లు మార్చుకున్నాయి. అయితే ఆ 2 కుడికి పోకుండా ఎడమకి పోయింది, మైనస్ వచ్చింది అక్కడి నుంచే. కొత్త వాలు 3/(−2), అంటే −3/2. తలకిందులవడం, గుర్తు మారడం ఒకే పావు చుట్టులో కలిసి జరిగిపోయాయి. అట్టముక్కని కుడివైపుకి తిప్పితే కొస (2, −3) దగ్గరికి వెళ్తుంది. అప్పుడూ వాలు −3/2 యే.

మూలమట్టం మీద నమ్మకం లేకపోతే పైథాగరస్ ఉన్నాడు. మూలబిందువు నుంచి (3, 2) కి దూరం వర్గం 9 + 4 = 13. (−2, 3) కి కూడా 13. ఆ రెండు బిందువుల మధ్య దూరం వర్గం 25 + 1 = 26. పదమూడూ పదమూడూ కలిపితే ఇరవై ఆరు, కాబట్టి ఆ మూల లంబకోణమే.

గుర్తు విషయంలో కంటితో చేసుకునే చెకింగ్ కూడా ఒకటి ఉంది. కుడికి నడుస్తుంటే ఒక గీత ఎక్కుతున్నట్టుంటే, దాని లంబరేఖ దిగుతూ ఉండాలి. రెండూ ఎక్కుతున్నా, రెండూ దిగుతున్నా వాటి మధ్య 90 డిగ్రీలు ఎప్పటికీ రాదు. మీ జవాబులో రెండు వాలులకీ ఒకే గుర్తు కనిపించిందంటే అక్కడే ఆగి వెనక్కి వెళ్లండి.

వాలు పూర్ణసంఖ్య అయితే కింద 1 ఉందనుకోండి. 2 అంటే 2/1, దాని లంబం −1/2. వాలు −1/3 అయితే లంబం 3. వాలు 0.4 అని దశాంశంలో ఇస్తే ముందు 2/5 గా మార్చుకుని, ఆ తర్వాత −5/2 రాయండి. దశాంశాన్ని అలాగే తలకిందులు చెయ్యాలని చూస్తే పని పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం

వై = 2ఎక్స్ + 3 కి లంబంగా (4, 1) గుండా పోయే రేఖ.

ముందు పాత వాలు తీసి పక్కన పెద్దగా రాయండి: 2. ఎక్స్ పక్కనున్న సంఖ్యే అది.

తర్వాత తిప్పండి: −1/2. లబ్ధం చూసుకోండి, 2 × (−1/2) = −1. సరిపోయింది. ఇక పాత సమీకరణం మీద పెన్సిల్‌తో ఒక అడ్డగీత కొట్టేయండి. నిజంగానే కొట్టేయమంటున్నాను, దాంతో మన పని అయిపోయింది.

ఇప్పుడు బిందువు వంతు. వాలు, బిందువు తెలిసినప్పుడు సమీకరణం ఇలా రాస్తాం:

వై − 1 = −(1/2)(ఎక్స్ − 4)

ఎడమవైపు బిందువులోని వై విలువ, కుడివైపు బ్రాకెట్‌లో బిందువులోని ఎక్స్ విలువ తీసేయాలి. భిన్నం పోవాలంటే రెండు వైపులా 2తో గుణించండి: 2వై − 2 = −ఎక్స్ + 4. అన్నీ ఒక వైపుకి తెస్తే:

ఎక్స్ + 2వై − 6 = 0

చివరగా బిందువుని జవాబులో ప్రతిక్షేపించి చూడాలి: 4 + 2 − 6 = 0. ఈ ఒక్క లైన్ రాయడానికి పది సెకన్లు కూడా పట్టదు. రాయని పిల్లలే ఎక్కువ.

మా అన్నయ్య కూతురు ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "బాబాయ్, తలకిందులు చేశాను, గుర్తు కూడా మార్చాను, అయినా వెనకాల ఇచ్చిన జవాబుతో కలవట్లేదు" అంది. ఫొటో పెట్టమన్నాను. ఇలాంటి లెక్కే. ఆ అమ్మాయి రాసింది:

వై = −(1/2)ఎక్స్ − 1/3

2ని తిప్పి, గుర్తు మార్చి, ఆ ఊపులో పక్కనున్న 3ని కూడా తిప్పి గుర్తు మార్చేసింది. నియమాన్ని చాలా శ్రద్ధగా పాటించింది, పాపం. "మరి వాళ్లిచ్చిన బిందువు ఎక్కడ వాడావమ్మా?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అది కూడా వాడాలా?" అంది.

పాత సమీకరణం మీద అడ్డగీత కొట్టేయమని నేను చెప్పడం ఆ రోజు నుంచే మొదలైంది. ఆ 3 అనేది పాత గీత వై అక్షాన్ని ఎక్కడ తాకుతుందో చెప్పే సంఖ్య, దాన్ని అంతరఖండం అంటారు. కొత్త గీత వై అక్షాన్ని ఎక్కడ తాకాలో తేల్చేది బిందువు ఒక్కటే. మన జవాబునే వై = −(1/2)ఎక్స్ + 3 అని రాస్తే, విచిత్రంగా ఇక్కడా 3 వచ్చింది చూడండి. ఇది కేవలం కాకతాళీయం. (4, 1) బదులు (4, 5) ఇచ్చి ఉంటే అక్కడ 7 వచ్చేది. ఈ కాకతాళీయాన్ని చూసి "అయితే 3 అలాగే ఉంచెయ్యాలన్నమాట" అని ఇంకో కొత్త నియమం కనిపెట్టేవాళ్లూ ఉంటారు, జాగ్రత్త.

సమీకరణం మడతపెట్టి ఇస్తే

3ఎక్స్ − 4వై + 12 = 0 కి లంబంగా (3, −2) గుండా పోయే రేఖ కావాలి. ఇక్కడ ఎక్స్ పక్కన 3 ఉంది కదా అని వాలు 3 అనేయకూడదు. వై ఒంటరిగా లేదు. దాన్ని ఒంటరిని చెయ్యాలి: 4వై = 3ఎక్స్ + 12, కాబట్టి వై = (3/4)ఎక్స్ + 3. వాలు 3/4, లంబం వాలు −4/3.

వై − (−2) = −(4/3)(ఎక్స్ − 3)

బిందువులో మైనస్ ఉన్నప్పుడు ఇలా రెండు మైనస్‌లూ ముందు రాసుకుని, తర్వాతే ప్లస్ చెయ్యండి. మనసులోనే చేసేద్దామనుకుంటే తప్పు దొర్లేది అక్కడే. 3తో గుణిస్తే 3వై + 6 = −4ఎక్స్ + 12, అంటే 4ఎక్స్ + 3వై − 6 = 0.

పాత, కొత్త సమీకరణాల్ని ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. 3, −4 ఉన్నచోట 4, 3 వచ్చాయి. గుణకాలు చోట్లు మార్చుకున్నాయి, ఒకదాని గుర్తు మారింది. అట్టముక్కని తిప్పినప్పుడు జరిగింది కూడా ఇదే. ఇంటర్‌లో సరళరేఖల పాఠానికి వచ్చాక దీన్నే షార్ట్‌కట్‌గా వాడతారు: గుణకాలు మార్చి, ఒక గుర్తు మార్చి, చివర ఇంకా తెలియని సంఖ్యకి కె అని పెట్టి 4ఎక్స్ + 3వై + కె = 0 అని నేరుగా రాసేయడం. బిందువు వేస్తే 12 − 6 + కె = 0, కె = −6. రెండు లైన్లలో అయిపోయింది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి 180 నిమిషాలే కాబట్టి అక్కడ ఈ దారే మేలు. పదో తరగతిలో మాత్రం వాలు తీసే దారిలోనే కొన్నాళ్లు నడవండి. ఎందుకు వచ్చిందో తెలియకుండా షార్ట్‌కట్ పట్టుకుంటే ఏ గుర్తు మార్చాలన్న దగ్గర మళ్లీ తికమకే. (నిజానికి రెండింట్లో ఏది మార్చినా ఫర్వాలేదు. రెండూ మార్చకూడదు, ఏదీ మార్చకుండా వదలకూడదు.)

నిలువు గీతలు, అడ్డ గీతలు

ఇక్కడ తలకిందులు చేసే నియమం పనిచెయ్యదు. ఎక్స్ = 5 అనేది నిలువు గీత, దాని వాలు లెక్క కడితే హారంలో సున్నా వస్తుంది. కాబట్టి నియమం పక్కన పెట్టి బొమ్మ గీయండి. నిలువు గీతకి లంబం అడ్డ గీత. ఎక్స్ = 5 కి లంబంగా (2, −3) గుండా పోయేది వై = −3. అలాగే వై = 7 కి లంబంగా అదే బిందువు గుండా పోయేది ఎక్స్ = 2. లెక్కేమీ లేదు, ఏ సంఖ్య ఏ అక్షరానిదో చూసుకోవడమే.

రెండు బిందువుల మధ్య లంబంగా

లెక్కలో ఒక్కోసారి రేఖా ఇవ్వరు, బిందువూ నేరుగా ఇవ్వరు. "(1, 2), (7, 6) బిందువుల్ని కలిపే రేఖాఖండానికి లంబ సమద్విఖండన రేఖ కనుక్కోండి" అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు. పేరులోనే ఇచ్చినవి రెండూ ఉన్నాయి. లంబ అంటే వాలు తిప్పాలి, సమద్విఖండన అంటే మధ్యబిందువు గుండా పోవాలి.

వాలు (6 − 2)/(7 − 1) = 4/6 = 2/3. తిప్పితే −3/2. మధ్యబిందువు (4, 4). అప్పుడు వై − 4 = −(3/2)(ఎక్స్ − 4), సర్దితే 3ఎక్స్ + 2వై − 20 = 0.

నాకు బాగా నచ్చిన లెక్క ఇది. ఎందుకంటే ఈ గీత మీద ఎక్కడ నిలబడినా ఆ రెండు బిందువులూ సమాన దూరంలో ఉంటాయి. రెండు ఇళ్లకీ సమాన దూరంలో మంచినీళ్ల ట్యాంకు కట్టాలంటే స్థలం ఈ గీత మీదే వెతకాలి. సరిచూద్దాం: (6, 1) ఈ గీత మీద ఉంది, 18 + 2 − 20 = 0. అక్కడి నుంచి (1, 2) కి దూరం వర్గం 25 + 1 = 26. (7, 6) కి 1 + 25 = 26.

గీసి చూసుకునేటప్పుడు ఒక మోసం

జవాబు సరైనదో కాదో గ్రాఫ్ గీసి చూసుకోవడం మంచి అలవాటే. కానీ రెండు అక్షాల మీదా ఒకే స్కేలు ఉండాలి. ఎక్స్ అక్షం మీద సెంటీమీటరుకి 1 యూనిట్, వై అక్షం మీద సెంటీమీటరుకి 5 యూనిట్లు తీసుకుంటే, సరైన లంబరేఖ కూడా కాగితం మీద 90 డిగ్రీలు కనిపించదు. నేను చదువుకునే రోజుల్లో ఒకసారి ఇలాగే గీసి, మూల వంకరగా వచ్చిందని సరైన జవాబు కొట్టేసి తప్పు జవాబు రాసుకున్నాను. ఫోన్‌లో జియోజీబ్రా (గ్రాఫులు గీసే యాప్) వాడేవాళ్లకీ ఇదే హెచ్చరిక. వేళ్లతో ఒక అక్షాన్ని మాత్రమే సాగదీస్తే గీతల మధ్య మూల మారిపోయినట్టు కనిపిస్తుంది. గళ్లు చతురస్రాలుగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

మీ చేతికి ఒక లెక్క

శీర్షాలు (0, 0), (6, 0), (2, 4) ఉన్న త్రిభుజం గీయండి. ఒక్కో శీర్షం నుంచి ఎదుటి భుజానికి లంబరేఖ గీసి, మూడింటి సమీకరణాలూ కనుక్కోవాలి. ఇక్కడ కూడా ఇచ్చినవి అవే: ఎదుటి భుజం వాలు ఇస్తుంది, శీర్షం చోటు ఇస్తుంది. ఒక భుజం ఎక్స్ అక్షం మీదే పడుకుని ఉంది కాబట్టి దాని లంబం దగ్గర నియమం పక్కన పెట్టాల్సి వస్తుంది.

ఏ త్రిభుజంలో అయినా ఈ మూడు గీతలూ ఒకే చోట కలుస్తాయి, ఆ చోటుని లంబకేంద్రం అంటారు. ఈ త్రిభుజంలో అది (2, 2). మీ మూడు సమీకరణాల్లోనూ (2, 2) వేసి చూడండి. రెండింట్లో సరిపోయి మూడోదాంట్లో సరిపోకపోతే, ఎక్కువసార్లు తప్పు (6, 0) నుంచి గీసిన గీతలో ఉంటుంది. దాని ఎదుటి భుజం వాలు 2. దాన్ని −1/2 చేశారా, 1/2 అని వదిలేశారా చూసుకోండి.